పళ్ల సందున దారం: మెట్ట ఊళ్ల అనుమానం వెనక కథ

ఒంగోలులోనో నెల్లూరులోనో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే ఈమధ్య చివర్లో ఒక మాట వినిపిస్తోంది: "రాత్రి పడుకునే ముందు ఫ్లాస్ చేసుకోండి." మెడికల్ షాపులో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. లోపల ఉండేది దారం. అది ఇంటికి చేరాక పేచీ మొదలవుతుంది. "పళ్లకు దారం ఏంది నాయనా, అవేమన్నా చిరిగిన చొక్కాలా?" అని నవ్వే పెద్దవాళ్లున్నారు. రెండు రోజులు వాడి, రక్తం కనబడగానే డబ్బాను మూలన పడేసేవాళ్లున్నారు. దారం పెడితే సందులు పెద్దవవుతాయని, పళ్లు వదులవుతాయని నమ్మేవాళ్లకు కొదవే లేదు. కుర్రవాళ్లది ఇంకో అనుమానం. ఆ దారానికి ఏ కెమికల్ పూశారో అని. వీళ్లలో కొందరు పేస్టు కూడా మానేసి, ప్యాకెట్లలో అమ్మే వేపపుల్లలకు, బొగ్గు పేస్టులకు మళ్లుతున్నారు.

దీన్ని తెలియనితనం అని కొట్టిపారేయడం తేలికే. కానీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతంలో పళ్లకు ఏం జరిగిందో తెలిస్తే అలా అనబుద్ధి కాదు. ఇక్కడివాళ్లు పళ్ల విషయంలో ఒకసారి బాగా దెబ్బతిన్నారు. ఆ దెబ్బ ఏ కంపెనీ పేస్టు వల్లో తగిలింది కాదు. ఊరి బావి నీళ్ల వల్ల తగిలింది.

పుల్ల కాలం

బ్రష్ రాకముందు ఇక్కడ పళ్లు తోముకోవడమంటే చెట్టు దగ్గరికి వెళ్లడమే. వేప, కానుగ ఎక్కడైనా దొరుకుతాయి. ఉత్తరేణి వేరు, మర్రి ఊడ, తుమ్మపుల్ల తెలిసినవాళ్లు తెచ్చుకునేవారు. పుల్ల కొసను నమిలి మెత్తగా చేసి తోముకుని, అదే పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకుని పారేసేవారు. రూపాయి ఖర్చు లేదు, రోజూ కొత్త బ్రష్షే.

వాగ్భటుడు రాసిన పాత ఆయుర్వేద గ్రంథం 'అష్టాంగ హృదయం' ఈ పుల్లకు కొలతలు కూడా ఇచ్చింది. జిల్లేడు, మర్రి, చండ్ర, కానుగ, మద్ది లాంటి చెట్లది కావాలి. పన్నెండు వేళ్ల పొడవు, చిటికెన వేలి కొనంత లావు ఉండాలి. రుచి వగరో కారమో చేదో అయ్యుండాలి. ఇవన్నీ చెప్పాక, చిగుళ్లకు బాధ కలగకుండా తోమాలి అంటాడు. నాకు ఆ కొలతలన్నిటికన్నా ఈ ముక్కే విలువైనదిగా కనిపిస్తుంది. అజీర్ణం, వాంతులు, ఆయాసం, దగ్గు, జ్వరం, నోటిపూత ఉన్నవాళ్లు పుల్ల వాడొద్దని కూడా అక్కడే ఉంది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి అందరికీ మంచిదే అని ఆ పాత వైద్యం అనలేదు. ఇప్పటి ప్రకటనలకు ఆ జాగ్రత్త లేదు.

వేపలో చిగుళ్ల వాపును తగ్గించే గుణం ఉందని కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది. కాబట్టి పుల్లను తీసిపారేయాల్సిన పనిలేదు. దానితో చిక్కల్లా అందకపోవడమే. ముందు పళ్లు తళతళలాడతాయి గానీ దవడ పళ్ల లోపలి వైపుకు పుల్ల సరిగా తిరగదు. రెండు పళ్ల మధ్య సందులోకి అసలు దూరదు. ఆ మాటకొస్తే బ్రష్ కుచ్చు కూడా అక్కడికి పోదు. పాచి నిలిచేది అక్కడే, అది గట్టిపడి గార అయ్యేదీ అక్కడే.

సందుల సంగతి మన పెద్దలకు తెలియక కాదు. చేపల పులుసు తిన్న ఇంట్లో ముల్లు ఇరుక్కోకుండా ఎలా ఉంటుంది? దానికి చీపురుపుల్ల ఉంది, తాటాకు ఈనె ఉంది, వేపపుల్ల చీలిక ఉంది. ఆడవాళ్ల గాజులకో తాళికో వేలాడే పిన్నీసు ఉంది. వీటన్నిటిలో చిగురుకు ఎక్కువ హాని చేసేది ఆ పిన్నీసే. అయినా దాన్ని చూసి ఎవరూ భయపడరు, దారాన్ని చూసి భయపడతారు!

పుల్లతో పాటు పొడులూ ఉండేవి. బొగ్గు, ఉప్పు, పిడక కచ్చిక, మరీ మొండివాళ్లయితే ఇటుక పొడి. వేలితో గట్టిగా రుద్దితే మరక పోయేమాట నిజమే. మరకతో పాటు పంటి పైపొర కూడా అరుగుతుంది, అది మళ్లీ పెరగదు. తర్వాత పళ్ల కింద చన్నీళ్లు పడితే జిల్లుమంటుంది. ఇప్పుడు నల్లటి ట్యూబుల్లో తిరిగొచ్చిన బొగ్గుకు కూడా ఇది వర్తిస్తుంది. బొగ్గు పేస్టులు మంచివనడానికి గానీ సురక్షితమనడానికి గానీ సరిపడా ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

పొగాకు కలిపిన పళ్లపొడులదీ ఒక కాలం. పళ్లపొడిలో, పేస్టులో పొగాకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. కందుకూరు, కొండపి, పొదిలి లాంటి పొగాకు పండే చోట్ల ఆకు ఇంట్లోనే ఉంటుంది. కాడ దవడన పెట్టుకునే అలవాటును ఏ నిషేధం ఆపుతుంది?

నీళ్లు చేసిన పని

అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర పళ్ల డాక్టరు వచ్చాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్లపై గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. కారణం తెలుసుకోవడానికి ముప్ఫయ్యేళ్లు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉందని కనిపెట్టాడు. ఆ వెనకే ఇంకో సంగతి బయటపడింది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఉంటే మచ్చలు పెద్దగా రావు, పిప్పి పళ్లు మాత్రం తగ్గుతాయి. దాంతో 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో తాగునీటికి కావాలని ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. పేస్టుల్లోకి ఫ్లోరైడ్ వచ్చింది కూడా ఆ దారినే.

సరిగ్గా అదే కాలంలో మన దగ్గర కథ తిరగబడి నడిచింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్యులు లోకానికి చెప్పడం అప్పుడే మొదలు. వాళ్లు చూసిన రోగులు అప్పటి నెల్లూరు జిల్లావాళ్లు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అందుకే పాత వైద్య గ్రంథాల్లో నెల్లూరు అని కనిపించేది చాలావరకు ఇప్పుడు మనం పశ్చిమ ప్రకాశం అనుకునే నేల.

ఆ రోగుల్లో జబ్బు పళ్ల మచ్చలతో ఆగలేదు. వెన్నెముక బిగుసుకుపోయి నడుములు వంగిపోయాయి. కారణం భూమిలోనే ఉంది. ఇక్కడి రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వానలు తక్కువ, ఎండ ఎక్కువ. రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి ఆ ఫ్లోరైడ్ దిగుతుంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఆ పాతనీరే పైకి వచ్చింది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం.

పళ్ల మీద మచ్చ పైనుంచి అంటుకున్నది కాదు. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా, పళ్లు చిగురు లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీళ్ల వల్ల పైపొరలోనే లోపం ఏర్పడుతుంది. పన్ను బయటికి రావడమే ఆ లోపంతో వస్తుంది. ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడపిల్లలు పెళ్లిచూపులకు ముందు ఇటుక పొడితో, ఉప్పూ నిమ్మకాయతో రుద్దుకున్నారో! నిమ్మరసం పులుపు పైపొరను కరిగిస్తుంది, ఇటుక దాన్ని గీకుతుంది, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు ఈ ఊళ్లలో సిగ్గు వల్ల మాత్రమే వచ్చింది కాదు.

పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. నల్గొండ పద్ధతి అంటారు. తర్వాత ఆర్వో ప్లాంట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. కృష్ణా నీళ్లు తెస్తుందని వెలిగొండ ప్రాజెక్టు కోసం ఈ ప్రాంతం దశాబ్దాలుగా ఎదురుచూస్తూనే ఉంది. అందుకే ఫ్లోరైడ్ పేస్టు అనగానే ఇక్కడ జనం ఉలిక్కిపడతారు, ఆ ఉలికిపాటుకు అర్థముంది. అయితే రెంటినీ వేరు చేసి చూడాలి. మచ్చలు తెచ్చేది చిన్నతనంలో మింగిన ఫ్లోరైడ్. పెద్దవాళ్లు తోముకుని ఉమ్మేసే పేస్టు వల్ల కొత్తగా మచ్చలు రావు, పిప్పి మాత్రం తగ్గుతుంది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ పదిలక్షల భాగాలకు వెయ్యి మించకూడదని నిబంధన ఉంది. జాగ్రత్త కావాల్సింది పిల్లల దగ్గర. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల లోపువాళ్లకు బఠాణీ గింజంత పేస్టు చాలు, ఉమ్మడం నేర్పాలి. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరైతే పసిపిల్లలకు ఏ పేస్టు వాడాలో డాక్టరును అడగడం మంచిది. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాస్తే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ మిగిలి ఇంకా చిక్కబడుతుంది. క్యాను నీళ్లు తాగడానికే కాదు, పిల్లలకు వండే అన్నానికి, కాచే జావకు కూడా వాడాలి.

దారం ఎక్కడి నుంచి వచ్చింది

పళ్ల సందుకు దారం వాడమని 1819లో రాసినవాడు లెవీ స్పియర్ పార్మ్లీ, అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పళ్ల వైద్యుడు. ఆయన చెప్పింది మైనం పూసిన పట్టుదారం. అంటే ఫ్లాస్ పుట్టుకే ఇప్పుడు మనం సహజం అనే సరుకుతో జరిగింది. 1882లో ఒక కంపెనీ పట్టు ఫ్లాస్‌ను అమ్మకానికి పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టు కరువై నైలాన్ వచ్చింది. అదీ న్యూ ఆర్లియన్స్ డాక్టరు చార్లెస్ బాస్ ప్రచారంతోనే.

1979 నుంచి అమెరికా ప్రభుత్వం ఫ్లాస్ వాడమంటూ వచ్చింది. 2016లో మాత్రం దాని ఆహార మార్గదర్శకాల్లోంచి ఆ మాట మాయమైంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆధారాలు ఏవని అడిగితే, కావాల్సినంత పరిశోధన ఎప్పుడూ జరగలేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. "ఫ్లాస్ దండగ" అనే ప్రచారం అక్కడి నుంచి మన ఫోన్లలోకీ వచ్చింది. తర్వాత 2019లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 35 పరీక్షలను కలిపి చూసింది. బ్రష్‌తో పాటు ఫ్లాస్ వాడితే చిగుళ్ల వాపు తగ్గవచ్చని, సందు బ్రష్‌లు ఇంకా మెరుగు కావచ్చని చెప్పింది. ఆధారాలు మాత్రం బలమైనవి కావంది. సందుల్లో పిప్పి తగ్గుతుందా అన్నది ఆ పరీక్షల్లో ఎవరూ కొలవలేదు. ఆధారం బలహీనంగా ఉందంటే హాని ఉందని అర్థం కాదు. ప్రచారంలో ఈ తేడా కొట్టుకుపోయింది.

మరి హాని ఉందా? చేసే తీరులో ఉంది. దారాన్ని టక్కున కిందికి లాగితే చిగురు తెగుతుంది, రోజూ అలాగే చేస్తే అక్కడ చీలిక పడుతుంది. అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ దించి, పంటిని ఆనుకునేలా వంచి, పైకీ కిందికీ రుద్దాలి. ప్రతి సందుకూ దారంలో కొత్త భాగం వాడాలి. బట్టలు కుట్టే దారం పనికిరాదు, పోగులు ఊడి సందులోనే చిక్కుకుంటాయి. మొదట్లో రక్తం వచ్చేది చాలావరకు అప్పటికే వాచిన చిగుళ్ల నుంచి. సక్రమంగా చేస్తే ఒకటి రెండు వారాల్లో తగ్గిపోవాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు తొందరగా ముదురుతుంది కాబట్టి వాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు.

సందులు పెద్దవవుతాయన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించవచ్చు. ఏళ్లపాటు పేరుకున్న గారను డాక్టరు తీసేశాక, వాపు దిగాక, అప్పటిదాకా నిండి ఉన్న సందు బయటపడుతుంది. గార పట్టుతో నిలబడిన పన్ను కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఎముకను తినేసింది జబ్బు, నింద పడింది శుభ్రం చేసినవాళ్ల మీద.

కెమికల్ అనుమానం పూర్తిగా గాలి మాట కాదు. కొన్ని జారుడు ఫ్లాస్‌లను టెఫ్లాన్ రకం పదార్థంతో చేస్తారు. అలాంటి ఒక రకం వాడినవాళ్ల రక్తంలో ఒంట్లో ఏళ్ల తరబడి నిలిచిపోయే పీఎఫ్ఏఎస్ అనే రసాయనాల్లో ఒకటి ఎక్కువ కనిపించిందని 2019లో అమెరికాలో 178 మంది ఆడవాళ్ల మీద జరిగిన అధ్యయనం చెప్పింది. దారం వల్లే అలా అయిందని అది రుజువు చేయలేదు. అక్కడి డెంటల్ అసోసియేషన్ దాన్ని ఒప్పుకోలేదు కూడా. వీటిలోనూ ఫ్లోరిన్ ఉంటుంది గానీ మన బావుల్లోని ఫ్లోరైడ్‌కూ వీటికీ సంబంధం లేదు. మనసుకు టెన్షన్‌గా ఉంటే మామూలు నైలాన్‌దో, తేనెమైనం పూసిన పట్టుదో కొనుక్కోవచ్చు.

ఇక మిగతా ఇంటి వైద్యాలు. గోరువెచ్చని ఉప్పునీళ్లు చిగుళ్లకు హాయినిస్తాయి. లవంగ నూనె నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, పిప్పిని ఆపదు. 1990ల్లో తెలుగునాట ఒక ఊపు ఊపిన నూనె పుక్కిలింత, ఆయుర్వేదం చెప్పిన పాత గండూషమే (నోటినిండా ద్రవం పట్టి ఉంచడం). చేసుకోవచ్చు, తోమడం మానకుండా.

చిగుళ్లు దిగిపోయి సందులు వెడల్పయిన పెద్దవాళ్లకు దారం అంతగా ఉపయోగపడదు, పక్కలకు ఆనదు. వాళ్లకు సన్నని తీగకు కుచ్చు ఉండే సందు బ్రష్ నయం. సైజు తప్పితే అదీ గుచ్చుకుంటుంది కాబట్టి మొదటిసారి డాక్టరు చేతే కొలిపించుకుని కొనాలి.