మాలి వరద పొలాల వరి: నేను తరచూ వినే అపోహలు

విత్తన రకాలు సేకరించి భద్రపరచడం నా ఉద్యోగం. ఆ పని మీద పశ్చిమాఫ్రికాలోని మాలిలో, నైజర్, బాని నదులు కలిసే మోప్తి చుట్టుపక్కల కొన్నాళ్లు తిరిగాను. తిరిగొచ్చాక చుట్టాలే కాదు, వ్యవసాయం చదివినవాళ్లు కూడా అడిగే మాటలు విని ఇది రాస్తున్నాను.

అపోహ: వరి ఆసియా నుంచే అక్కడికి వెళ్లింది.

ఆసియా వరి వెళ్లిన మాట నిజమే. కానీ అంతకు చాలా ముందే వాళ్లకు సొంత వరి ఉంది. పేరు ఒరైజా గ్లాబెర్రిమా. బార్తీ అనే అడవి వరి నుంచి దాదాపు 3,000 ఏళ్ల కిందట అక్కడి రైతులే దాన్ని సాగులోకి తెచ్చుకున్నారు. పొలంలో గుర్తుపట్టడం తేలికే: ఆకు కాండాన్ని పట్టుకునే చోట ఉండే పల్చటి పొర మన వరిలో పొడుగ్గా మొనదేలి ఉంటుంది, దీనికి పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పొట్టు తీస్తే గింజ చాలావరకు ఎర్రగా కనిపిస్తుంది.

అపోహ: వరద పొలంలోకి వచ్చిందంటే పంట పోయినట్టే.

గోదావరి పొంగు చూసి పెరిగినవాళ్లకు అలాగే అనిపిస్తుంది. అక్కడ మాత్రం వరద రాకపోతేనే టెన్షన్. ఎక్కడో గినీ కొండల్లో పడిన వాన మెల్లగా దిగొచ్చి, మోప్తి దగ్గర వరద అక్టోబరు, నవంబరుల్లో గానీ నిండుగా ఉండదు, అప్పటికి ఊళ్లో వానలు కూడా అయిపోతాయి. రైతులు జూన్, జూలైల్లో తొలి వానలకే విత్తనం వెదజల్లుతారు. వరద చేరేలోపు పైరు కాస్త నిలదొక్కుకుందంటే చాలు, నీరు పెరిగే కొద్దీ కాండం కూడా సాగుతూ మనిషి లోతు నీళ్లలోనూ తల పైనే పెట్టుకుంటుంది. వానలు ఆలస్యమై వరద ముందొస్తేనే గోల, జానెడు మొక్క మునిగి కుళ్లిపోతుంది. బతికినదాన్ని కొరికే చేపలు వేరే ఉన్నాయి!

అపోహ: రకాలు కలిపి చల్లడం తెలియనితనం.

ఇది నేనూ నమ్మాను. ఒక పెద్దాయన చేటలో విత్తనం పోసి చూపిస్తే మూడు నాలుగు రంగుల పొట్టు కనిపించి, మనసులో "కల్తీ" అనుకున్నాను. ఆయన వేలితో కొన్ని గింజలు ఏరి మూడు కుప్పలు పెట్టాడు: గట్టు వారకు, నడిమి పల్లానికి, లోతుకి. తొందరగా పండేది గట్టు వారకు, ఆలస్యంగా పండేది లోతుకి. చూపించడం అయ్యాక మూడూ మళ్లీ చేటలో కలిపేశాడు. నీళ్లు ఎంతవరకు వస్తాయో ఏ ఏడూ ముందు తెలియదు కాబట్టి, ఏదో ఒకటి చేతికొస్తుందని ఆయన లెక్క. దాన్ని కల్తీ అన్నందుకు సిగ్గేసింది.

అపోహ: వరి లేని చోటు బీడు.

కాదు, బుర్గూ గడ్డి. నీళ్లున్నప్పుడు చేపలకు నీడ, నీళ్లు తీశాక పశువులు కాచుకునే ఫులానీల ఆవులకు మేత, తియ్యటి కాండాలతో మనుషులకు పానకం.

అపోహ: దీంతో మనకేం పని?

సాంబ మసూరి తింటారా? దానికి ఎండాకు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, జీవకణాల మీద పరిశోధించే సీసీఎంబీ కలిసి రూపొందించగా 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో ఈ తెగులును తట్టుకునే జన్యువులు మూడున్నాయి. వాటిలో ఎక్స్‌ఏ 21 అనేది మాలిలో సేకరించిన లాంగిస్టామినాటా అనే అడవి వరిది. అక్కడి రైతుకు అదొక మొండి కలుపు, దుంప ముక్క నేలలో మిగిలినా మళ్లీ లేస్తుంది.

అపోహ: నాటు రకాలన్నీ బంగారం.

ఇది మా వృత్తిలోవాళ్లకే ఎక్కువ. గ్లాబెర్రిమా పండగానే రాలుతుంది, చేను పడిపోతుంది, బియ్యం పట్టిస్తే నూకలెక్కువ. అందుకే చాలామంది ఆసియా రకాలకు మారిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టను, బురదలో రాలిన గింజ ఏరుకునేది నేను కాదు కదా.