'బ్రో' అన్నంత మాత్రాన తెలుగు చచ్చిపోదు: అపోహలు - వాస్తవాలు

పేరెంట్స్ మీటింగ్ పెడితే చాలు, ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలుస్తారు. "మేడం, మావాడు ఇన్‌స్టా చూసిచూసి భాష పాడు చేసుకుంటున్నాడు. ఏం చెయ్యమంటారు?" పద్దెనిమిదేళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. 'తెలుగు అంతరించిపోతోంది' అనే వాట్సాప్ ఫార్వర్డులు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: పిల్లలు స్లాంగ్ మాట్లాడితే తెలుగు పోతుంది, ఎక్కడికక్కడ సరిదిద్దాలి.

వాస్తవం: అసలు నష్టం ఆ సరిదిద్దడంతోనే. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఇంట్లో 'తోపు' (గొప్పోడు), 'అరాచకం' (అదిరిపోయింది) అంటే చాలు, తండ్రి చుట్టాల ముందే "అదేం తెలుగురా?" అనేవారట. ఆరు నెలల్లో వాడు ఇంట్లో ఇంగ్లీషుకు మారిపోయాడు. అందులో తప్పులు పట్టేవాళ్లు లేరు కదా! స్లాంగ్ వల్ల తెలుగు మానేసిన పిల్లల్ని నేను చూడలేదు. వెక్కిరింతలకు మానేసినవాళ్లను చూశాను.

అమ్మాయికి తీపి కబుర్లు చెప్పడాన్ని 'పులిహోర కలపడం' అన్నవాడికి తెలుగు రాదంటామా? 'ఘోస్ట్ చేసింది' (చెప్పకుండా మాట్లాడటం మానేసింది), 'క్రష్‌కి చెప్పాడు': మాట ఇంగ్లీషుదే, క్రియా, విభక్తీ మనవి. బజారు, దర్జీ పారసీ నుంచీ, అలమార, మేస్త్రీ పోర్చుగీసు నుంచీ ఇలాగే వచ్చి మనవైపోయాయి. మాటల అర్థాలూ మారుతుంటాయి: పాత తెలుగులో 'కంపు' అంటే పరిమళం కూడా. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడితే, పండితులు దాన్ని గ్రామ్యమని తీసిపారేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం.

పైగా స్లాంగ్ ఎక్కువ కాలం నిలవదు. మొన్న ఒకమ్మాయి వ్యాసం చదివి "కేక!" అన్నాను. వెనక బెంచీ నుంచి నవ్వులు: "మేడం, అది మా నాన్నల కాలం మాట."

చాటింగ్ భాష పరీక్షల్లోకి వచ్చేస్తుందన్నది ఇంకో భయం. రాదు. జవాబు పత్రంలో 'బ్రో' ఒక్కసారే చూశాను, అదీ సంభాషణ రాయమన్న ప్రశ్నలో.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసినా ఏమీ కాదనేవాళ్లూ ఉన్నారు. కొంచెం అవుతుంది. అందులో న-ణ, ల-ళ తేడా కనబడదు, ఆ తికమక నోటుపుస్తకంలో తేలుతుంది. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టివ్వండి, చాలు.

ఆ తొమ్మిదో తరగతి కుర్రాడి తండ్రికి ఒకటే చెప్పాను, తిట్టడం మాని వాడి మాటలకు అర్థాలు అడగమని. వారం తర్వాత ఫోన్ చేశారు. "పులిహోర సంగతి ముందే చెప్పొచ్చు కదా మేడం! మా అమ్మ ముందు అడిగేశాను."