శనివారం మెత్తన, సోమవారం గట్టి

సత్తు గిన్నెలో చింతపండు పులుసు కాయొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అనేవారు. నిజమే, అల్యూమినియాన్ని కాపాడేది దాని ఒంటిమీద ఉండే ఆక్సైడ్ పొర, పులుపుకి అది కరుగుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. గీరితే మళ్లీ వెంటనే ఏర్పడుతుంది. స్వచ్ఛమైన అల్యూమినియానికి తుప్పు భయం తక్కువ, కానీ అది మెత్తన. విమానం రెక్కకి పనికిరాదు.

గట్టిదనం కోసం రాగి, మెగ్నీషియం, జింక్ కలుపుతారు. కలిపితే చాలదు, వండాలి. ఈ సంగతి 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే లోహ శాస్త్రవేత్తకి దాదాపు అనుకోకుండా దొరికింది. రాగి కలిపిన అల్యూమినియాన్ని బాగా వేడిచేసి నీళ్లలో ముంచి చల్లార్చాడు. శనివారం కొలిస్తే గొప్పగా ఏమీ లేదట. సోమవారం మళ్లీ కొలిస్తే, ఎవరూ ముట్టుకోని అదే ముక్క గట్టిపడి ఉంది! డ్యూరాలుమిన్ అనే గట్టి అల్యూమినియం మిశ్రమం అలా పుట్టింది. ఎందుకిలా అన్నది 1938లో గినియే, ప్రెస్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఎక్స్‌రేలతో తేల్చేదాకా స్పష్టం కాలేదు.

వేడిలో రాగి పరమాణువులు పంచదారలా లోహంలో కరిగిపోతాయి. ఒక్కసారిగా చల్లారిస్తే బయటికి రాలేక ఇరుక్కుంటాయి. తర్వాత మెల్లమెల్లగా, పాకంలో పలుకులు కట్టినట్టు, చిన్న చిన్న గుంపులు కడతాయి. లోహం వంగాలంటే పరమాణువుల వరుసలు జారాలి, ఈ గుంపులు వాటికి అడ్డం పడతాయి. అందుకే విమానాల తయారీలో కొన్ని రకాల రివెట్లను (రేకుల్ని కలిపి బిగించే మేకుల్ని) చల్లార్చిన వెంటనే ఫ్రీజర్‌లో పెడతారు. బయటుంటే గట్టిపడిపోయి, కొట్టేటప్పుడు పగుళ్లిస్తాయి. పులవకుండా దోసెల పిండిని ఫ్రిజ్‌లో పెట్టడం లాంటిదే.

ఇక చిక్కు. 7075 అనే అల్యూమినియం మిశ్రమంలో జింక్ సుమారు 5.6 శాతం. దాన్ని 120 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే బలం శిఖరానికి చేరుతుంది. కానీ లోహం అంటే బోలెడు స్ఫటికాలు అతుక్కుని ఉన్న గోడ. ఆ అతుకుల వెంట జింక్-మెగ్నీషియం గుంపులు వరుసగా పేరుకుంటాయి. ఉప్పగాలి, తేమ తగిలితే ముందు అవే కరుగుతాయి. పైన బరువు కూడా ఉంటే అతుకు వెంటే పగులు పాకుతుంది. పైకి మాత్రం మెరుస్తూనే ఉంటుంది, అదే దీనిలో భయపెట్టే విషయం.

ఇంకాస్త ఎక్కువ వండితే అతుకుల్లోని గుంపులు పెద్దవై దూరం జరుగుతాయి. పగులుకి దారి తెగుతుంది. కానీ బలంలో 10-15 శాతం పోతుంది. చాలాకాలం ఇంజనీర్లు ఈ నష్టం భరించారు.

1970లలో ఇజ్రాయెల్‌కి చెందిన బారుక్ చీనా వేరే దారి చూపాడు. 120 డిగ్రీల్లో వండిన ముక్కని కొద్ది నిమిషాలు 200 డిగ్రీలు దాటించి, మళ్లీ 120కి తెచ్చి ఉంచడం. ఆ కాస్త వేడికి లోపలి చిన్న గుంపులు చాలావరకు కరుగుతాయి, అతుకుల్లోవి మాత్రం కరగకుండా పెరుగుతాయి. రెండో వంటలో లోపలివి మళ్లీ పుడతాయి. బలమూ దక్కింది, పగులూ తగ్గింది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో తెలివైన ఘట్టం ఇదే.

అయితే మందపు పలకని నిమిషాల్లో లోపలిదాకా వేడెక్కించడం కుదరదు, పైన మాడి లోపల పచ్చిగా ఉన్న బజ్జీ అవుతుంది. వేడి కాస్త తగ్గించి, సమయం పెంచి ఆ ఇబ్బందిని దాటారు. ఇలా మూడు విడతల్లో వండిన 7055 రకం పలకలే బోయింగ్ 777 రెక్కల పైభాగానికి వాడారు. ఆ విమానంలో కిటికీ సీటు దొరికితే, బయట రెక్క మీద రంగు కింద ఉన్నది అదే.