ఒకే స్కూల్లో సీబీఎస్ఈ, కేంబ్రిడ్జ్: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో సీబీఎస్ఈతో పాటు ఇంగ్లండ్‌కు చెందిన కేంబ్రిడ్జ్ బోర్డు కూడా ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెబుతాను. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రుల నోట ఏటా ఈ మాటలే వింటుంటాను.

అపోహ: కేంబ్రిడ్జ్ చదివితే నీట్, జేఈఈ రాయడం కుదరదు.

వాస్తవం: రాయొచ్చు. కేంబ్రిడ్జ్‌లో పదకొండు, పన్నెండు తరగతుల చదువైన 'ఏ లెవెల్స్' (A Levels)కీ, ఐబీ అనే మరో అంతర్జాతీయ బోర్డు డిప్లొమాకీ ఆ అర్హత ఉంది. సబ్జెక్టులు మాత్రం సరిగ్గా ఎంచుకోవాలి. నీట్‌కైతే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లీషూ ఉండాలి. దీన్నే చాలామంది మరిచిపోతారు. అసలు చిక్కు తేదీలతో. మే-జూన్‌లో రాసిన ఏ లెవెల్స్ ఫలితాలు ఆగస్టులో గానీ రావు. ఐఐటీ, ఎన్ఐటీ కౌన్సెలింగ్ జూన్‌లోనే మొదలైపోతుంది. అందుకే ఇక్కడే చదవాలనుకునే పిల్లల్ని మార్చి సెషన్‌లో రాయమంటాను, మేలో ఫలితాలు చేతికొస్తాయి. మార్చిలో అన్ని సబ్జెక్టులకూ పరీక్ష ఉండదు కాబట్టి, పదకొండులో చేరేటప్పుడే కనుక్కోండి. ఇంకోటి, నీట్ సిలబస్‌కు దగ్గరగా ఉండేవి సీబీఎస్ఈలో చదివించే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. కేంబ్రిడ్జ్ పిల్లలు వాటిని విడిగా చదువుకోవాలి. డాక్టరే అవుతానని గట్టిగా అనుకున్న అమ్మాయికి నేనైతే సీబీఎస్ఈయే చెబుతాను.

అపోహ: "ఐజీలో చదువు తేలికటగా మేడం, బట్టీ పట్టక్కర్లేదట!"

వాస్తవం: ఐజీ అంటే ఐజీసీఎస్ఈ, కేంబ్రిడ్జ్‌లో తొమ్మిది, పది తరగతుల కోర్సు. అందులో బట్టీ పడితే చాలదు, అంతే. కేంబ్రిడ్జ్‌కి కొత్తగా మారిన తొమ్మిదో తరగతి బాబుకి ఒకసారి గ్రాఫ్ ఇచ్చాను. వెలుతురు పెరిగే కొద్దీ కిరణజన్య సంయోగక్రియ వేగం పెరిగి, ఒకచోట గీత అడ్డంగా సాగిపోతుంది. అక్కడ ఎందుకు ఆగిందో చెప్పాలి. వాడు ముత్యాల్లాంటి అక్షరాలతో నిర్వచనం, సమీకరణం రాశాడు. సున్నా వేయాల్సి వచ్చింది. వెలుతురు సరిపడా ఉన్నా కార్బన్ డయాక్సైడ్ చాలడం లేదన్న ఒక్క వాక్యం రాస్తే మార్కు వచ్చేది. మూడు నెలలు కూర్చోబెట్టాక ఆ చూపు వచ్చింది వాడికి. సీబీఎస్ఈ పేపర్లలోనూ ఇప్పుడు సగం ప్రశ్నలు ఇలా ఆలోచించి రాసేవే.

అపోహ: ఒకే ఆవరణేగా, నచ్చకపోతే మధ్యలో మార్చేయొచ్చు.

వాస్తవం: ఎనిమిది దాకా పర్లేదు. తొమ్మిదిలో సీబీఎస్ఈకి రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఐజీసీఎస్ఈ మామూలుగా రెండేళ్ల కోర్సు. పదిలో మార్చమని అడిగితే నేను ఒప్పుకోను, నలిగిపోయేది పిల్లలు.

అపోహ: ఇంటర్నేషనల్ సిలబస్‌లో తెలుగు ఉండదు.

వాస్తవం: తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఒకటి నుంచి పది దాకా అన్ని బోర్డుల బడుల్లో తెలుగు నేర్పాలి. మీ స్కూల్లో లేకపోతే అడగండి.

అపోహ: స్కూలు పేరులో 'ఇంటర్నేషనల్' అనుంటే అంతర్జాతీయ సిలబస్ ఉన్నట్టే.

వాస్తవం: అది పేరు మాత్రమే. సీబీఎస్ఈ, కేంబ్రిడ్జ్, ఐబీ మూడింటి వెబ్‌సైట్లలోనూ స్కూలు పేరు కొట్టి చూసుకోవచ్చు. ఫీజు కట్టేముందు ఆ పని చేయండి. ఐబీలో 'క్యాండిడేట్ స్కూల్' అంటే ఇంకా అనుమతి రాలేదని అర్థం. వచ్చేదాకా అక్కడ డిప్లొమా కోర్సు మొదలుపెట్టడానికి వీల్లేదు.