పాత రోడ్స్ పియానో పలకనప్పుడు ఎక్కడ వెతకాలి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన మనవలకు,

తాతయ్య ఆశీస్సులు. మీరు కొనుక్కున్న రోడ్స్ స్టేజ్ 73 పియానోలో కొన్ని మెట్లు పలకడం లేదనీ, ఒక్కోసారి శబ్దం మొత్తం ఆగిపోయి కేబుల్ కదిపితే తిరిగి వస్తోందనీ, వాయించినా వాయించకపోయినా ఒక హోరు వినిపిస్తూనే ఉందనీ రాశారు. ఈ మూడూ ఒకే లోపం వల్ల వచ్చినవి కావు కాబట్టి విడివిడిగా చెబుతాను. టంకం పెట్టే ఇనుము వేడి చేయడానికి ముందు, కింది నుంచి పైదాకా ప్రతి మెట్టునూ ఒకే బలంతో నొక్కుతూ, ఏది పలికింది, ఏది మందంగా పలికింది, ఏది అసలు పలకలేదు అన్నది కాగితం మీద వరుసగా రాసుకోండి. పలకని మెట్లు ఎన్ని, అవి పక్కపక్కన ఉన్నాయా లేక అక్కడక్కడా ఉన్నాయా అన్నది తెలిస్తే లోపం ఎక్కడ ఉందో చాలావరకు తెలిసినట్లే. అది ఎందుకో అర్థం కావాలంటే లోపలి నిర్మాణం తెలియాలి.

ఈ వాద్యాన్ని రూపొందించిన హెరాల్డ్ రోడ్స్ సంగీతం నేర్పే మాస్టారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడి మంచం పట్టిన సైనికులు ఒళ్ళో పెట్టుకుని వాయించుకునేందుకు, విమానాల నుంచి వచ్చిన అల్యూమినియం గొట్టాల ముక్కలతో ఆయన ఒక చిన్న పియానో తయారు చేయించారు. ఆ ఆలోచనే పెరిగి, 1970లో మీ దగ్గరున్న స్టేజ్ రకంగా బజారులోకి వచ్చింది. ఇందులో మామూలు పియానోలో ఉండే తీగలు ఉండవు. మెట్టు నొక్కితే సుత్తి వెళ్ళి టైన్ అనే సన్నని ఉక్కు కడ్డీని కొడుతుంది. ఆ కడ్డీ కొస ఒక పికప్ ముందు కంపిస్తుంది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ చుట్టిన కాయిల్. ఉక్కు కదిలినప్పుడు కాయిల్‌లో పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తునే యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది.

అసలు సంగతి పికప్‌లను కలిపిన తీరులో ఉంది. సాధారణంగా పక్కపక్కనున్న మూడేసి పికప్‌లను సమాంతరంగా కలిపి ఒక గుంపు చేస్తారు. ఆ గుంపులన్నిటినీ ఒకదాని వెనుక ఒకటిగా శ్రేణిలో కలుపుతారు. దీని నుంచి మూడు రకాల ఫలితాలు వస్తాయి. గుంపులో ఒక కాయిల్ తెగితే ఆ ఒక్క మెట్టే మూగబోతుంది, మిగిలిన రెండూ మామూలుగానే పలుకుతాయి. అదే కాయిల్ తెగకుండా దాని రెండు కొసలూ ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే, పక్కనున్న రెండింటినీ కూడా వెంటబెట్టుకుని మూడు మెట్లూ ఒకేసారి ఆగిపోతాయి. ఒక గుంపుకూ తరువాతి గుంపుకూ మధ్యనున్న లంకె ఊడితే పియానో మొత్తం నోరు మూసుకుంటుంది. కాబట్టి వరుసగా మూడు మెట్లు పలకకపోతే మూడు పికప్‌లూ ఒకేసారి పాడయ్యాయని కంగారుపడి మూడు కొత్తవి కొనకండి. అక్కడ ఒక టంకం చుక్క గాని, తెగిపడిన తీగ ముక్క గాని రెండు కొసల మీద పడి ఉంటుంది, ముందు దాన్ని వెతకండి.

ఒకే ఒక్క మెట్టు పలకనప్పుడు లోపం విద్యుత్తుదా, యంత్రానిదా అన్నది తేల్చుకోవాలి. పై మూత తీసి, యాంప్లిఫయర్ శబ్దం బాగా తగ్గించి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ పికప్ అయస్కాంతం కొసను మెల్లగా తాకండి. స్పీకర్‌లో టక్కుమని వినిపిస్తే పికప్, దాని వైరింగ్ బాగున్నట్లే. అప్పుడు టైన్ విరిగిందేమో, సుత్తి తగలడం లేదేమో, టైన్ కొస పికప్‌కు దూరంగా జరిగిందేమో చూడాలి. తాకినా ఏమీ వినిపించకపోతే హార్ప్ (అంటే టైన్‌లు, పికప్‌లు బిగించి ఉన్న చట్రం) నుంచి వచ్చే తీగను ఊడదీసి, మల్టీమీటరును ఓముల మీద పెట్టి కొలవండి. విడిగా ఒక మంచి పికప్ సుమారు 180 ఓములు చూపుతుంది. గుంపులో ఉండగా కొలిస్తే మూడూ కలిసి ఉంటాయి కనుక సుమారు 60 ఓములే వస్తుంది, దానికి భయపడకండి. 90కి దగ్గరగా వస్తే మూడింటిలో ఒకటి తెగిందని అర్థం. సున్నాకు దగ్గరగా వస్తే షార్ట్. తెగిన కాయిల్‌ను ప్రతిసారీ పారేయనక్కర్లేదు. తీగ చాలాసార్లు టెర్మినల్ దగ్గర, కంటికి కనబడే చోటే తెగుతుంది. భూతద్దం కింద ఒక చుట్టు విప్పి, కొస మీద ఉన్న ఎనామిల్ పూతను గీరి తీసి, టంకం పెడితే సరిపోతుంది. ఆ పూత తీయకపోతే టంకం అంటుకున్నట్లే కనిపిస్తుంది గాని కరెంటు పారదు. 25 వాట్ల ఇనుము చాలు. టంకం పెట్టేటప్పుడు మెట్ల మీద గుడ్డ పరవండి, కిటికీ తెరిచి ఉంచండి. నీటి గొట్టాలకు వాడే యాసిడ్ ఫ్లక్సును దగ్గరికి కూడా రానివ్వకండి, అది సన్నని రాగిని తినేస్తుంది.

కేబుల్ కదిపినప్పుడు వచ్చిపోయే శబ్దానికి కారణం పికప్‌ల దాకా వెళ్ళకుండానే దొరకవచ్చు. హార్ప్ నుంచి వచ్చే తీగను ముందు పలకలో ఉన్న నాబ్‌ల దాకా పోనివ్వకుండా, వేరే కేబుల్‌తో నేరుగా యాంప్లిఫయర్‌కు కలిపి చూడండి. శబ్దం నిలకడగా వస్తే లోపం వాల్యూమ్ నాబ్‌లోనో, బేస్ బూస్ట్ నాబ్‌లోనో, బయటి జాక్‌లోనో ఉంది. అప్పటికీ వచ్చిపోతుంటే హార్ప్ మీదున్న ప్లగ్గును, అక్కడి టంకాన్ని పరీక్షించండి. నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి చాలాసార్లు అటూ ఇటూ తిప్పండి. తలుపు బందులకు రాసే నూనె పనికిరాదు.

హోరు విషయంలో మీరు పియానోనే అనుమానిస్తున్నారు గాని, నా అనుమానం మీ గది మీద. ఈ పికప్‌లు ఉక్కు కదలికనే కాదు, చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టుకుంటాయి. యాంప్లిఫయర్‌ను పియానో మీద పెట్టారేమో చూసి దూరంగా జరపండి. వెలుగు తగ్గించే డిమ్మర్ స్విచ్చి ఉంటే ఆపండి. పియానోను కొంచెం పక్కకు తిప్పినప్పుడు హోరు మారితే అది బయటి నుంచి వస్తున్నదే. అలా కాకుండా హార్ప్ లోహపు చట్రాన్ని చేత్తో తాకగానే హోరు తగ్గితే, గ్రౌండ్ తీగ ఎక్కడో ఊడిందన్నమాట. యాంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేస్తే హోరు పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది ప్రాణాలతో చెలగాటం.

ఇంకొకటి. కొన్ని మెట్లు ఒక స్థాయి పైనుంచి పలుకుతున్నట్లు ఉన్నాయని రాశారు. అది వైరింగ్ లోపం కాదు. టైన్ కొస పికప్ మధ్యకు సరిగ్గా ఎదురుగా ఉంటే రెట్టింపు స్వరమే ఎక్కువగా వినిపిస్తుంది. కొసను కాస్త పైకి జరిపితే అసలు స్వరం నిండుగా వస్తుంది.

స్టేజ్ రకంలో కరెంటు ప్లగ్గే ఉండదు కాబట్టి మీరు ధైర్యంగా మూత తీయవచ్చు. మీ స్నేహితుల ఇంట్లో ఉన్న వుర్లిట్జర్ 200ఏ అనే మరో రకం ఎలక్ట్రిక్ పియానో మాత్రం అలాంటిది కాదు. అందులో ఉక్కు రీడుకూ (సుత్తి దెబ్బకు కంపించే సన్నని పట్టీకి) పికప్ పలకకూ మధ్య సుమారు 150 వోల్టుల డీసీ ఉంటుంది, స్విచ్చి తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో కొంత నిలిచే ఉంటుంది. దాన్ని పెద్దవాళ్ళు, పని తెలిసినవాళ్ళు దగ్గర లేకుండా తెరవకండి. అందులో చిటపటలు వస్తున్నాయంటే రీడుకూ పలకకూ మధ్య ధూళి గాని లోహపు పొడి గాని చేరిందని చెప్పి, ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

మీ పియానో హార్ప్ మీద ఎక్కడో నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. పికప్‌లను కలిపిన తీరు కాలాన్ని బట్టి కొంత మారింది కనుక, ఆ అంకెలను, మీటరు చూపిన ఓములను జవాబులో తప్పక రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య