క్లౌడ్‌లో ఉన్నాయి కదా, ఇక్కడ తీసేస్తే ఏమవుతుంది?

ఫోటోలు, డాక్యుమెంట్లు దాచుకునే యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేయడం నా పని. అది తెలిసిన చుట్టాలు పెళ్లిళ్లలో భోజనాల దగ్గర పట్టుకుని అడిగేది ఒకటే: "ఫోన్ నిండిపోయిందని ఫోటోలు డిలీట్ చేశాం. క్లౌడ్‌లోనూ లేవేంటి?"

ఉండవు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్‌లో ఇక్కడ ఏం చేస్తే అక్కడా అదే జరుగుతుంది, తీసేయడం కూడా. బ్యాకప్ అంటే ఇక్కడ తీసేసినా అక్కడ మిగిలే విడి కాపీ. గూగుల్ ఫోటోస్‌లో పేరుకి 'బ్యాకప్' అనే ఉంటుంది. కానీ ఆ యాప్‌లో ఫోటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోదీ పోతుంది. ఫోన్‌లో చోటు మాత్రమే కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కాలి. అది ఫోన్‌లో ఉన్న కాపీనే తీస్తుంది. ఇప్పటికే డిలీట్ చేసేశారా? టెన్షన్ పడకుండా ముందు ట్రాష్ చూడండి. బ్యాకప్ అయినవి 60 రోజులు అందులోనే ఉంటాయి. ఇంకాస్త చోటొస్తుందని ఎవరో చెప్పారని ఆ ట్రాష్ ఖాళీ చేయకండి, మీకు దణ్ణం పెడతాను. "సర్వర్లో ఎప్పటికీ ఉంటాయట" అనే ఫార్వర్డ్‌నీ నమ్మకండి. ఎక్కడో ఉన్నా మీ చేతికి రానిది మీకెందుకు?

ఇందులో తప్పు మీది కాదు, మా డిజైనర్లది. ఒకసారి మేం చేసిన యాప్ టెస్టింగ్‌కి హనుమకొండలో రిటైరైన లెక్కల టీచర్ గారింటికి వెళ్లాను. ఆవిడ మనవడి ఫోటో ఒకటి తెరిచి చెత్తబుట్ట బొమ్మ నొక్కారు. 'అన్ని పరికరాల నుండి తొలగించబడుతుంది' అని వచ్చింది. కళ్లజోడు పైకి తోసి రెండుసార్లు చదివారు. "పరికరాలంటే ఏవి బాబూ, జామెట్రీ బాక్సులోవా?" అని నవ్వి, 'సరే' నొక్కేశారు. ఆ వాక్యం రాసింది నేనే. తిరిగొచ్చాక 'ఈ ఫోటో మీ ఫోన్లోనూ, మీ అమ్మాయి ఫోన్లోనూ పోతుంది' అని మార్చాను. నాలుగు నెలలు ఆఫీసులో కూర్చున్నా తట్టని ముక్క అది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. డెస్క్‌టాప్ చిందరవందరగా ఉంటే క్రమశిక్షణ లేనట్టేమీ కాదు. థామస్ మలోన్ అనే పరిశోధకుడు 1983లోనే ఆఫీసు బల్లలు పరిశీలించి, కళ్లెదుట పేర్చిన కాగితాల కుప్ప చేయాల్సిన పనిని గుర్తుచేస్తుందని రాశాడు. సెర్చ్ ఉంటే ఫోల్డర్లెందుకన్నదీ తప్పే. పేరు గుర్తులేని ఫైలుని ఏమని వెతుకుతారు?

పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉన్నవన్నీ ఒరిజినల్‌తో సమానం కాదు. ప్రభుత్వ శాఖల్లాంటి సంస్థలు అందులోకి నేరుగా జారీ చేసినవాటికే ఆ విలువ. మీరు ఫోటో తీసి ఎక్కించుకున్నది ఉత్త కాపీ. మీ లైసెన్సు 'ఇష్యూడ్ డాక్యుమెంట్స్'లో ఉందో లేదో బండి తీసేముందే చూసుకోండి, ట్రాఫిక్ పోలీసు ఆపాక కాదు.