సిద్ధబీజాలలో ప్రొటీన్ల విచ్ఛిత్తి: కొన్ని అపోహలు, వాస్తవాలు

సిద్ధబీజాలను, అంటే కష్టకాలం దాటడానికి ధరించే గట్టి నిద్రాణ రూపాలను, ఏర్పరచే బాక్టీరియాలపై పనిచేసేవారు తరచూ ఎదుర్కొనే అపోహలు కొన్ని ఉన్నాయి. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా ఈ రకపు బాక్టీరియా అయిన బాసిల్లస్ సబ్టిలిస్‌కు సంబంధించినవి.

అపోహ: ప్రొటీన్ల విచ్ఛిత్తి అంటే పాడైనవాటిని పారవేయడమే.

వాస్తవం: ఆ పని కూడా జరుగుతుంది, కానీ పోషకాలు అడుగంటినప్పుడే సిద్ధబీజం తయారీ మొదలవుతుంది కనుక, కొత్త ప్రొటీన్లకు కావలసిన అమైనో ఆమ్లాలలో పెద్ద భాగం పాత ప్రొటీన్లను విడగొట్టడం వల్లనే సమకూరుతుంది. అంతేకాదు, ఏ జన్యువులు ఎప్పుడు పనిచేయాలన్న నిర్ణయంలో కూడా ప్రొటీన్లను తెగ్గొట్టే ఎంజైములైన ప్రోటియేజ్‌లకు వాటా ఉంది. సిగ్మా-కె అనే నియంత్రక ప్రొటీన్ మొదట నిష్క్రియ రూపంలో తయారై, దాని మొదటి కొస తెగిన తర్వాతే పనికి దిగుతుంది. అలాంటిదే మరో నియంత్రక ప్రొటీన్ అయిన సిగ్మా-ఎఫ్‌ను అణచిపెట్టే స్పో-టూ-ఏబీ అనే ప్రొటీన్‌ను క్లిప్‌సీపీ అనే ప్రోటియేజ్ నాశనం చేస్తుంది.

అపోహ: మన కణాలలో విడగొట్టాల్సిన ప్రొటీన్లకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ గుర్తుగా పడినట్లే బాసిల్లస్‌లోనూ పడుతుంది.

వాస్తవం: బాసిల్లస్‌లో యుబిక్విటిన్ లేదు. బదులుగా, ఒక ప్రొటీన్‌లో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ చేరితే ఆ ప్రొటీన్‌ను క్లిప్‌సీపీ గుర్తించి విడగొడుతుందని 2016లో తేలింది.

అపోహ: కణం వెలుపలికి స్రవించే ప్రోటియేజ్‌లు లేకపోతే సిద్ధబీజం ఏర్పడదు.

వాస్తవం: ఆ ప్రోటియేజ్‌ల స్రావం, సిద్ధబీజం ఏర్పడటం ఒకే సమయంలో కనిపించడం వల్ల చాలాకాలం ఇలా భావించారు. ఇలా స్రవించే ముఖ్య ప్రోటియేజ్‌లైన సబ్టిలిసిన్, తటస్థ ప్రోటియేజ్ రెండింటి జన్యువులనూ తొలగించిన బాక్టీరియా సైతం మామూలుగానే సిద్ధబీజాలను ఏర్పరచిందని 1984లో వెలువడిన పరిశోధన చూపింది. అయినా ఈ ప్రోటియేజ్‌లను పట్టించుకోకుండా ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే కణాలను పగలగొట్టగానే ద్రావణంలో ఉన్న ప్రొటీన్లను అవి కొరికేస్తాయి. సిద్ధబీజం ఏర్పడే దశలో, జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే ఎంజైమైన ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఉపభాగం ఒకటి కురచవుతుందని ఒకప్పుడు ప్రకటించిన మార్పు, ఇలా పరీక్షనాళికలో జరిగిన తెగుడేనని తరువాత అర్థమైంది. ప్రొటీన్లను సైజువారీగా వేరుచేసే జెల్ మీద కొత్త పట్టీ కనబడినప్పుడు నేను మొదట అనుమానించేది నా ద్రావణాన్నే.

అపోహ: నిద్రాణ స్థితిలో ఉన్న సిద్ధబీజంలో ప్రోటియేజ్ ఉండదు, అందుకే ప్రొటీన్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి.

వాస్తవం: నా దృష్టిలో ఈ రంగంలోని అతి సొగసైన విషయం ఇక్కడే ఉంది. సిద్ధబీజపు ప్రొటీన్లలో సుమారు 10 నుంచి 20 శాతం దాకా ఉండే చిన్న, ఆమ్లంలో కరిగే ప్రొటీన్లలో ఒక తరగతి డీఎన్‌ఏను కప్పి అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుంది, మరో తరగతి అమైనో ఆమ్లాల నిల్వగా మిగులుతుంది. వీటిని తెగ్గొట్టే జీపీఆర్ అనే ప్రోటియేజ్ కూడా సిద్ధబీజపు లోపలి భాగమైన గర్భంలోనే ఉంటుంది. కత్తెర, బట్ట ఒకే పెట్టెలో ఉన్నాయన్నమాట. జీపీఆర్ మొదట నిష్క్రియ రూపంలో తయారవుతుంది. గర్భం ఆమ్లీకృతమై, సిద్ధబీజపు ప్రత్యేక రసాయనమైన డైపికోలినిక్ ఆమ్లం పోగై, నీరు తగ్గుతున్న దశలో అది తనను తానే కత్తిరించుకొని చురుకైన రూపం పొందుతుంది, అయితే అప్పటికే గర్భం ఎంతగా ఎండిపోయి ఉంటుందంటే దాని పని సాగదు. మొలకెత్తేటప్పుడు నీరు లోపలికి చేరగానే అది ఆ ప్రొటీన్లను నిమిషాల వ్యవధిలో విడగొట్టి, డీఎన్‌ఏను విడిపించి, తొలి ప్రొటీన్ల తయారీకి ముడిసరుకు అందిస్తుంది. దీనికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అవసరం లేదు, నిద్రాణ బీజంలో ఏటీపీ దాదాపు లేకపోవడాన్ని బట్టి చూస్తే ఈ ఏర్పాటు ఎంత తగినదో తెలుస్తుంది.

ఇదే కారణంగా ఆ చిన్న ప్రొటీన్లను వేరుచేయాలంటే సిద్ధబీజాలను తడిగా పగలగొట్టకూడదు. వాటిని ఎండబెట్టి, పొడిగానే గాజు పూసలతో నలగగొట్టి, వెంటనే చల్లని సజల ఆమ్లంలో కలపాలి. ఆమ్లతను స్థిరంగా ఉంచే మామూలు బఫర్ ద్రావణంలో కలిపితే జీపీఆర్ మేలుకొని, మనం వెతుకుతున్నదాన్నే ముందుగా తినేస్తుంది. జీపీఆర్, సెరీన్ అనే అమైనో ఆమ్లంతో కోసే సెరీన్ ప్రోటియేజ్‌ల తరగతికి చెందదు, కాబట్టి ఆ తరగతి నిరోధకాలను ఎంత పోసినా ఇక్కడ పనికిరావు.